కుట్టు పడవ: మేకు లేకుండా సముద్రాన్ని దాటిన విద్య



కార్తీకం ముగిసిన మర్నాడు, పోలి పాడ్యమి తెల్లవారుజామున మన ఆడపడుచులు అరటి దొప్పల్లో దీపాలు పెట్టి ఏటిలో వదులుతారు. అంతకు ముందు వచ్చే కార్తీక పున్నమి నాడు ఒరిస్సాలో మన ఇరుగుపొరుగువారు చిన్న చిన్న బొమ్మ పడవలు చేసి, దీపం పెట్టి, నీటిలో విడిచి చేతులు జోడిస్తారు. పూర్వం సముద్రం మీద దూరదేశాలకు వెళ్లిన వర్తకులను తలుచుకునే పండుగ అది. గంజాం, పూరీ ప్రాంతాల్లో ఉంటున్న మన తెలుగువారికి ఈ రెండు వేడుకలూ తెలిసినవే. అరటి దొప్పా, బొమ్మ పడవా ఏటా నీటిలోకి వెళుతున్నాయి. కాని వాటికి మూలమైన అసలు పడవ, నిజంగా సముద్రం మీదికి వెళ్లిన కొయ్య పడవ, మన తీరం నుంచి దాదాపుగా తప్పుకుంది. ఆ పడవను గురించే ఈ రోజు నాలుగు మాటలు చెప్పుకుందాం.

పడవలు చాలా రకాలున్నాయి. తుంగభద్ర మీద హంపి దగ్గర తిరిగే హరిగోలు ఉంది. కృష్ణ మీద మనం పుట్టి అనేది అలాంటిదే. వెదురుతో బుట్టలా అల్లి, అడుగున తోలో తారు పట్టించిన గుడ్డో కప్పుతారు. గోదావరి లంకల్లో తిరిగే నావలున్నాయి. ఈ ప్రసంగంలో మాత్రం ఒకే ఒక రకాన్ని వివరంగా చూద్దాం. అది ఒక్క ఇనుప మేకు కూడా లేకుండా, పలకలను కొబ్బరి పీచు తాడుతో కుట్టి తయారుచేసిన సముద్రపు పడవ. మద్రాసు వైపు దీన్ని మసూలా పడవ అన్నారు. ఉత్తరాంధ్రలో ఉత్త పడవ అన్నా ఇదే. ఒరిస్సా తీరంలో పడువా అంటారు. పేరులో కాస్త తేడా ఉన్నా వస్తువు ఒకటే, చాలా చోట్ల దాన్ని నడిపిన చేతులు కూడా మన వాడబలిజల చేతులే.

కొన్నేళ్ల కిందట గంజాం తీరంలో ఒక పల్లెలో నేను ఒక ముసలి వడ్రంగిని కలిశాను. ఆయన ఇంటి పక్క కొబ్బరి చెట్ల నీడలో బోర్లించి ఉన్న పడవ ఒకటి కనిపించింది. కుట్లు ఊడి, పలకల మధ్య నుంచి ఎండ లోపలికి పడుతోంది. "తాతా, దీనికి మేకులెందుకు కొట్టలేదు?" అని అడిగాను. ఆయన నవ్వి, "బాబూ, మేకు కొట్టిన పడవ కెరటంతో దెబ్బలాడతాది. కుట్టిన పడవ కెరటం మాట వింటాది" అన్నాడు. ఈ ఒక్క మాటలో ఉన్న శాస్త్రం ఏమిటో తెలుసుకుంటే ఈ పడవ మొత్తం అర్థమైనట్టే.

ముందుగా మన సముద్రం తీరు చూడాలి. పడమటి తీరంలో కొండలు సముద్రం దాకా వచ్చిన చోట్ల, ఏరు సముద్రంలో కలిసే చోట్ల పడవ నిలుపుకోవడానికి మరుగు దొరుకుతుంది. తూర్పు తీరంలో అలాంటి చోట్లు తక్కువ. మైళ్ల తరబడి తిన్నగా సాగిపోయే ఇసుక ఒడ్డు. పెద్ద కెరటం లోతు నీటి నుంచి వచ్చి, ఒడ్డుకు కొంత దూరంలో నేల తగిలేసరికి లేచి, విరిగి, కొట్టుకుంటూ వస్తుంది. ఈ కెరటం విరిగే పట్టీ ఒక్కొక్క చోట ఒకటి, ఒక్కొక్క చోట రెండు మూడు. అది దాటితే ఆవల సముద్రం ప్రశాంతంగానే ఉంటుంది. పడవకు అసలు గండం నడిసముద్రంలో కాదు, ఒడ్డుకు కూతవేటు దూరంలో ఉంది. పోయేటప్పుడు కెరటాన్ని ఎదుర్కోవాలి. వచ్చేటప్పుడు కెరటం ఎత్తి ఇసుక మీద పడేస్తే తట్టుకోవాలి. ఆ పైన మనుషులే దాన్ని ఒడ్డు మీదికి లాక్కోవాలి.

ఈ చిక్కుకు మన తీరంవారు రెండు జవాబులు కనిపెట్టారు. మొదటిది తెప్ప. తేలికైన దుంగలను చెక్కి, పక్కపక్కన చేర్చి, తాడుతో కట్టేస్తారు. తమిళంలో కట్టుమరం అన్నారు. కట్టిన మాను అని అర్థం. ఇంగ్లీషువాళ్ల కాటమరాన్ అనే మాట ఇక్కడి నుంచి వెళ్లినదే. తెప్పకు లోపలంటూ లేదు గనుక నీరు నిండడమనే బాధ లేదు. కెరటం పైనుంచి వచ్చి దుంగల సందుల్లోంచి దిగిపోతుంది. విశాఖ నుంచి గంజాం వరకు ఉన్న తెప్ప రెండు సగాలుగా ఉంటుంది. ఒక్కో సగంలోని దుంగలను కొయ్య చీలలతో శాశ్వతంగా బిగిస్తారు. సముద్రం మీదికి వెళ్లేటప్పుడు రెండు సగాలనూ జతచేసి కడతారు. ఒడ్డుకు వచ్చాక కట్టు విప్పి, ఏ సగానికి ఆ సగం మోసుకుపోయి ఎండలో ఆరబెడతారు. దుంగ నీరు పీల్చి బరువెక్కకుండా ఉండాలంటే ఆ ఆరబెట్టడం తప్పదు.

తెప్ప మీద ఇద్దరు ముగ్గురు మనుషులు, కాసిని వలలు, తెచ్చిన చేపలు. అంతవరకే. కాని అలివి వల వంటి పెద్ద వలను ఒక బుట్టలా మడిచి పెట్టుకుని, సముద్రంలో అర్ధచంద్రాకారంగా విడుచుకుంటూ తిరిగి ఒడ్డుకు చేరాలంటే తెప్ప చాలదు. ఆవల లంగరు వేసిన ఓడ నుంచి బస్తాలు ఒడ్డుకు తేవాలన్నా చాలదు. అక్కడ కావలసింది లోతున్న పడవ. ఆ రెండో జవాబే కుట్టు పడవ.

ఇప్పుడు దీన్ని ఎలా కడతారో వరుసగా చూద్దాం. మనం మామూలుగా ఓడ అనగానే ఒక వెన్నెముక, దానికి రెండు వైపులా పక్కటెముకలు, వాటి మీద పలకలు అని ఊహిస్తాం. అస్థిపంజరం ముందు, చర్మం తరువాత. కుట్టు పడవలో అస్థిపంజరమే లేదు. చర్మమే పడవ. చేపకు ముల్లున్నట్టు కాక, గుడ్డుకు పెంకు ఉన్నట్టు అనుకోండి. అయితే ఇది పగలని పెంకు, వంగే పెంకు.

కొయ్య ఎంపిక మొదటి పని. మామిడి పలక ఎక్కువగా వాడారు. ఖరీదు తక్కువ, వెడల్పుగా దొరుకుతుంది, తడిపి కాస్తే వంగుతుంది. టేకు మన్నికైనదే గాని అందరికీ అందేది కాదు. చెట్టు కొట్టాక పలకలు కోసి నీడలో ఆరనివ్వాలి. ఎండలో పెడితే చీలుతుంది.

తరువాత అడుగు పలక. పడవ పొడవునా నేల మీద పరుచుకునే వెడల్పైన పలక ఇది. కింద పొడుచుకు వచ్చే దూలం ఉండదు. అడుగు బల్లపరుపుగా ఉండడం వల్లనే కెరటం పడవను ఇసుక మీద దింపినప్పుడు పక్కకు ఒరగకుండా కూర్చుంటుంది. అడుగు పలకకు అటూ ఇటూ మరో పలక చేరుస్తారు. అంచుకు అంచు సరిగ్గా అతకాలి. బాడిసతో చెక్కడం, ఆనించి చూడడం, వెలుతురు కనిపించిన చోట మళ్లీ చెక్కడం. ఈ పనికి కొలబద్ద ఉండదు. వడ్రంగి కన్నూ, బొటనవేలూ కొలతలు. పలకకు వంపు కావలసిన చోట నీటితో తడిపి, కింద కొబ్బరి డొక్కల మంట పెట్టి, మెల్లగా వంచి, తాళ్లతో బిగించి ఉంచుతారు.

అతుకు కుదిరాక రెండు పలకల అంచుల వెంబడి ఎదురెదురుగా బర్మాతో రంధ్రాలు వేస్తారు. అంచుకు మరీ దగ్గరైతే తాడు లాగినప్పుడు పలక చిరుగుతుంది. మరీ దూరమైతే కుట్టు బిగియదు. ఇప్పుడు అతుకు వెంబడి లోపలివైపు కొబ్బరి పీచునో గడ్డినో తాడులా పేని, ఒత్తుగా పరుస్తారు. దాని మీదుగా పీచు తాడును ఈ రంధ్రంలోంచి ఆ రంధ్రంలోకి దూర్చి, అడ్డంగానూ ఏటవాలుగానూ కుడుతూ పోతారు. ఒకరు లోపల, ఒకరు బయట. లోపలివాడు తాడు అందిస్తే బయటివాడు కర్రకు చుట్టి బలంగా లాగుతాడు. లోపలివాడు కుట్టు మీద కొయ్య సుత్తితో కొట్టి బిగువు నిలుపుతాడు. ఇలా ఒక్కొక్క వరుస పైకి లేస్తుంది. పరిచిన పీచు నీరు తగిలి ఉబ్బి, సందును లోపలి నుంచి అదుముతుంది. రంధ్రాలు కూడా పీచుతో బిగించి మూసేస్తారు. చేప నూనె, గుగ్గిలం వంటివి పట్టించడం పడవల పనిలో పాతకాలం నుంచి ఉన్న అలవాటే.

పక్కలు పూర్తిగా లేచాక, పై అంచు దగ్గర ఒక పక్క నుంచి మరో పక్కకు అడ్డ కొయ్యలు వేసి, వాటినీ తాడుతోనే కట్టేస్తారు. ఇవే తెడ్డు వేసేవాళ్లకు కూర్చునే బల్లలు, ఇవే రెండు పక్కలూ మూసుకుపోకుండా ఆపే ఊతలు. చుక్కాని ఉండదు. వెనక నిలబడిన తండేలు పొడుగాటి తెడ్డుతో దారి తిప్పుతాడు. మిగతావాళ్ల తెడ్లు కూడా ఒకే చెక్క కావు. పొడుగాటి కర్ర చివర ఒక అండాకారపు పలకను కట్టినవి. అది విరిగితే పలక మార్చుకోవచ్చు, కర్ర పారేయనక్కర లేదు.

ఇక మేకు సంగతి. మేకు బిగించిన అతుకు కదలదు. కెరటం పడవను ఎత్తి ఇసుక మీద కొట్టినప్పుడు ఆ దెబ్బ ఎక్కడికో ఒకచోటికి పోవాలి. కదలని అతుకులో ఆ దెబ్బంతా మేకు చుట్టూ ఉన్న వేలెడంత కొయ్య మీద పడుతుంది. ఒకసారి కాదు, రోజుకు పది సార్లు. కొన్నాళ్లకు మేకు చుట్టూ రంధ్రం వెడల్పవుతుంది, లేదా పలక చీలుతుంది. కుట్టిన అతుకులో పలకలు ఒకదాని మీద ఒకటి వెంట్రుకవాసి జరుగుతాయి. దెబ్బ ఒక చోట ఆగకుండా వందల కుట్ల మీదికి పంచుకుపోతుంది. పడవ మొత్తం కొంచెం నలిగి, మళ్లీ తన ఆకారానికి వస్తుంది. తాత చెప్పిన 'మాట వినడం' అంటే ఇదే.

రెండో సంగతి తుప్పు. ఉప్పునీటిలో ఇనుము త్వరగా తుప్పు పడుతుంది. తుప్పు పట్టిన మేకు తాను చెడడమే కాక చుట్టూ ఉన్న కొయ్యను కూడా నల్లబరచి మెత్తగా చేస్తుంది. కొబ్బరి పీచుకు ఉప్పునీరు హాని చెయ్యదు. నిజానికి పీచును తయారు చెయ్యడమే కొబ్బరి డొక్కలను నెలల తరబడి నీటిలో నానబెట్టి చేస్తారు. పీచుకు పడనిది ఉప్పునీరు కాదు, నిలిచిన వాన నీరు. ఈ ముక్క గుర్తుంచుకోండి, ముందు ముందు పనికొస్తుంది.

మూడో సంగతి మరమ్మతు. ఒక పలక చెడితే దాని చుట్టూ ఉన్న కుట్లు కోసి, ఆ పలకను తీసి, దాన్నే నమూనాగా పెట్టుకుని కొత్త పలక చెక్కి, మళ్లీ కుడతారు. మిగతా పడవ చెక్కు చెదరదు. దీనికి కావలసిన కొబ్బరి తాడు ఊళ్లోనే పుడుతుంది. పట్నం పోయి కొనుక్కోవలసింది లేదు.

అలాగని ఈ పడవలో లోపాలు లేవని చెప్పడం సరికాదు. ఇది కారుతుంది. ఎప్పుడూ ఒకడు నీరు తోడుతూ ఉండవలసిందే. కుట్లు ఏటేటా చూసుకోవాలి, చాలా వరకు మళ్లీ కుట్టాలి. బరువైనది కనుక లాగడానికి ఊరంతా చెయ్యి వెయ్యాలి. పక్కటెముకలు లేవు గనుక ఇంజను బిగించడానికి గట్టి ఆధారం దొరకదు, ఇంజను అదురుకు కుట్లు వదులవుతాయి. ఏ పనికి పుట్టిందో ఆ పనికి దీన్ని మించింది లేదు. ఆ పని దాటితే దీని శక్తి చాలదు.

ఈ విద్య ఎంత పాతదో కూడా కొంచెం చూద్దాం. క్రీస్తు శకం మొదటి శతాబ్దంలో ఒక గ్రీకు నావికుడు రాసిన ఎరిత్రియన్ సముద్ర పెరిప్లస్ అనే గ్రంథంలో మన ఆంధ్ర తీరాన్ని మసాలియా అన్నాడు. తూర్పు తీరంలో దుంగలను కలిపి కట్టిన సంగర అనే పెద్ద పడవలున్నాయని కూడా రాశాడు. రెండో శతాబ్దం నాటి శాతవాహన రాజుల సీసపు నాణేల మీద రెండు తెరచాప స్తంభాల ఓడ బొమ్మ ఉంది. 1244 ప్రాంతంలో కాకతీయ గణపతిదేవుడు మోటుపల్లి రేవులో వేయించిన అభయ శాసనం మరీ ముఖ్యమైనది. అంతకు ముందు ఓడ గాలికి కొట్టుకుపోయి ఒడ్డెక్కితే దానిలోని సరుకును రాజులు జప్తు చేసుకునేవారు. ఇకమీదట న్యాయమైన సుంకం తప్ప మరేదీ తీసుకోమని ఆ శాసనం వర్తకులకు మాట ఇచ్చింది. తీరంలో పడవ పగిలిపోవడమనేది ఎంత మామూలు సంగతో ఆ శాసనమే చెబుతోంది.

మద్రాసు కథ ఇంకా దగ్గరిది. ఆ పట్నానికి రెండు వందల ఏళ్లకు పైగా రేవు లేదు. ఓడలు దూరాన లంగరు వేసేవి. గవర్నరు దొర అయినా, బట్టల బేలు అయినా, ఉత్తరాల సంచి అయినా మసూలా పడవ ఎక్కితేనే ఒడ్డు చేరేది. 1830ల నాటి వర్ణనల ప్రకారం ఆ పడవలు 30 నుంచి 35 అడుగుల పొడవు, 10 అడుగుల వెడల్పు ఉండేవి. కెరటాల్లో పడవ తిరగబడితే మనుషులను అందుకోవడానికి పక్కనే తెప్పలు వెంట వచ్చేవి. 1861లో ఇనుప వంతెనలాంటి పియర్ ఒకటి కట్టారు. అది 1868, 1872 తుపానులకు దెబ్బతింది. తరువాత కట్టిన రేవు గోడలను 1881 తుపాను పడగొట్టింది. ఇనుమూ రాయీ కూలిన చోట కొబ్బరి తాడు పడవ మళ్లీ పనిలోకి వచ్చింది.

మేకుల ఓడలు కట్టడం మన వాళ్లకు రాక కాదు. యానాం దగ్గర గౌతమి నుంచి చీలి సముద్రం వైపు వెళ్లే పాయ ఒడ్డున కోరంగి ఉంది. పందొమ్మిదో శతాబ్దంలో ఓడలు కట్టడానికీ, బాగుచెయ్యడానికీ అది పేరుపొందిన చోటు. దూలం, పక్కటెముకలు, తెరచాపలు ఉన్న సముద్రపు ఓడలు అక్కడా, పక్కనున్న తాళ్లరేవులోనూ తయారయ్యాయి. 1789లోనూ, 1839లోనూ వచ్చిన ఉప్పెనలు కోరంగిని ముంచేశాయి. నదీ ముఖం మేటలు వేసింది. వ్యాపారం కాకినాడకు తరలిపోయింది. అలాగే పెద్దగంజాం నుంచి తమిళనాడులోని మరక్కాణం దాకా సుమారు 420 కిలోమీటర్లు సాగే బకింగ్‌హాం కాలువ మీద ధాన్యం, కట్టెలు, ఉప్పు మోసిన కొయ్య పడవలను చూసినవారు చెన్నపట్నం వైపు మన శ్రోతల్లో పెద్దవారు కొందరు ఉండవచ్చు. మరుగు ఉన్న ఏటిలోకి, కాలువలోకి మేకుల పడవ. మరుగు లేని కెరటంలోకి కుట్టు పడవ. ఎక్కడ ఏది తగునో తెలిసి కట్టారు.

మరి ఈ పడవ ఎందుకు పోయింది? తప్పు ఒకరి మీద మోపనక్కర లేదు. వెడల్పాటి పలకనిచ్చే పెద్ద చెట్లు తగ్గాయి, కలప ధర పెరిగింది. 1980ల నుంచి చిన్న ఇంజన్లు, ఫైబరు పడవలు తీరానికి వచ్చాయి. 2004 డిసెంబరు 26 సునామీలో పాత పడవలు ఎన్నో పోయాక, సాయంగా వచ్చినవి చాలా వరకు ఫైబరు పడవలే. ఫైబరు పడవ తేలికైనది, కారదు, ఏటా కుట్టనక్కర లేదు. ఇంజనుతో దూరం వెళ్లి చీకటి పడకముందే తిరిగి రావచ్చు. ప్రాణం పణంగా పెట్టి బతికే మనిషి అది ఎంచుకుంటే తప్పు పట్టే హక్కు ఒడ్డున కూర్చున్న మనకు లేదు. తాత కొడుకులిద్దరూ ఫైబరు పడవ మీదే వెళుతున్నారు. ఆ మాట చెప్పేటప్పుడు ఆయన ముఖంలో బాధ నాకు కనిపించలేదు. "ఆళ్లు సాయంత్రానికి ఇంటికొస్తన్నారు బాబూ, అది చాలు" అన్నాడు.

ఆయన బాధ వేరే ఉంది. కుట్టు ఎలా వేస్తారని ఆయనను అడిగినవాడు లేడు. పడవ పోతే పోయింది, అది కాలధర్మం. ఆ విద్య ఆయనతో పాటు పోతే మళ్లీ దాన్ని ఏ పుస్తకంలోంచీ తీసుకోలేం. మద్రాసు రాజధానిలో మత్స్యశాఖ డైరెక్టరుగా పనిచేసిన జేమ్స్ హార్నెల్ 1920లో మన దేశపు పడవల మీద గ్రంథం రాశాడు. రకాలు, ఆకారాలు చక్కగా వివరించాడు. కాని తాడు ఎంత బిగువుగా లాగాలో, పలక ఎంతసేపు కాస్తే వంగుతుందో అక్షరాల్లో పెట్టడం ఎవరి తరం? అవి చేతికి మాత్రమే తెలిసినవి.

ఇది ఉత్త దిగులు మాట కాదనడానికి ఇటీవలి ఉదాహరణ ఒకటి ఉంది. మహారాష్ట్రలోని అజంతా గుహల్లో అయిదో శతాబ్దపు ఓడ చిత్రం ఒకటి ఉంది. దాన్ని ఆధారం చేసుకుని కుట్టు ఓడ ఒకటి కట్టాలని 2023లో కేంద్ర సాంస్కృతిక శాఖ, భారత నౌకాదళం, గోవాలోని ఒక నిర్మాణ సంస్థ ఒప్పందం చేసుకున్నాయి. ఆ ఓడకు కొలతల పటం ఏదీ మిగల్లేదు. ఉన్నది గోడ మీద బొమ్మ ఒక్కటే. కనుక ఆకారాన్ని కొత్తగా గీసి, మద్రాసు ఐఐటీలో నీటి పరీక్షలు చేసి చూశారు. పలకలు కుట్టడానికి మాత్రం యంత్రం లేదు, పుస్తకం లేదు. కేరళ నుంచి కుట్టు పనివాళ్లను పిలిపించారు. సుమారు 20 మీటర్ల పొడవున్న ఆ ఓడను 2025 మే 21న కర్ణాటకలోని కార్వారులో నౌకాదళంలో చేర్చుకుని కౌండిన్య అని పేరు పెట్టారు. దాని తెరచాపల మీద గండభేరుండం, సూర్యుడు ఉన్నాయి. 2025 డిసెంబరు చివర పోరుబందరు నుంచి బయలుదేరి, 2026 జనవరిలో అది ఒమన్‌లోని మస్కట్ చేరింది.

ఇలాంటి ప్రయత్నాలు ముందూ జరిగాయి. 1980లో ఒమన్‌లో కట్టిన సొహార్ అనే కుట్టు ఓడకు లక్షద్వీపాలవాళ్లు కుట్లు వేశారు. అది మస్కట్ నుంచి చైనా దాకా వెళ్లింది. ప్రతిసారీ చేతులు పడమటి తీరంలోనే దొరికాయి. అక్కడ చిన్న పడవలను కుట్టడం ఎక్కడో ఒకచోట సాగుతూ ఉండడమే కారణం. పెద్ద ఓడను బతికించింది ఆ చిన్న పడవే. రేపు ఎవరైనా వచ్చి తూర్పు తీరపు కుట్టు కావాలంటే, మనం చూపించడానికి ఒక చెయ్యి ఉండాలి కదా.

అందుచేత శ్రోతలకు కొన్ని పనికొచ్చే సూచనలు. మీ ఊళ్లో పాత కుట్టు పడవ ఏదైనా మిగిలి ఉంటే ముందుగా దాన్ని నేల మీంచి ఎత్తి కొయ్య దిమ్మెల మీద పెట్టించండి. తడి నేల తగిలిన అడుగు పలక మొదట పుచ్చుతుంది. పైన తాటాకు పందిరి వెయ్యండి. ఎండకు పలక చీలుతుంది, వాన నీరు లోపల నిలిస్తే కుట్టు కుళ్లుతుంది. ఇందాక గుర్తుంచుకోమన్నది అందుకే. బాగుచేసే ఉద్దేశం ఉంటే మొత్తం కుట్లు ఒక్కసారి విప్పకండి. విప్పారంటే ఆకారం పోయినట్టే. ఒక పలక తీసి, దాని స్థానంలో కొత్తది కుట్టి, ఆ తరువాతే రెండోది ముట్టుకోవాలి.

బాగుచెయ్యడం వీలుకాకపోతే కొలతలైనా తీసి ఉంచండి. దీనికి ఇంజనీరు అక్కరలేదు. హైస్కూలు పిల్లలు చెయ్యగలరు. పడవను మట్టంగా నిలిపి, ముందు మూతి నుంచి వెనక మూతి దాకా నడి మధ్యన ఒక దారం బిగించి కట్టండి. ఆ దారం మీద రెండేసి అడుగులకు ఒక గుర్తు పెట్టండి. ప్రతి గుర్తు దగ్గర తాపీ మేస్త్రి వాడే మట్టపు గుండు వేలాడదీసి లోతు కొలవండి. ఆ గుండు తాడు నుంచి పక్క పలక దాకా, అడుగుకొక చోట వెడల్పు కొలవండి. ఈ అంకెలను చదరపు గళ్ల కాగితం మీద చుక్కలుగా పెట్టి కలిపితే ఆ చోట పడవ అడ్డకోత ఆకారం వస్తుంది. అన్నీ వరుసగా పెడితే పడవ మొత్తం కాగితం మీదికి వచ్చినట్టే. దానితోపాటు పలకలు ఎన్ని, రంధ్రాల మధ్య దూరమెంత, లోపలి కుట్టు ఏ వాటంగా ఉంది, బయటి కుట్టు ఎలా ఉంది అనేవి రాసి, ఫొటోలు తీసి పెట్టండి.

మరో ముఖ్యమైన సంగతి మాటలు. పడవలో ప్రతి భాగానికీ ఒక పేరుంది. పూరీ పెంఠకటలో స్థిరపడిన మనవాళ్లు వాడే మాట, యానాంలో వాడే మాట, చెన్నపట్నం తీరంలో తెలుగు ఇళ్లల్లో వాడే మాట ఒకటి కాకపోవచ్చు. సొంత రాష్ట్రం దాటి వచ్చిన మనలాంటివాళ్ల ఇళ్లలో పాత మాటలు కొన్ని ఎక్కువ కాలం నిలుస్తాయి. మీ తాతగారినో, మావయ్యగారినో పక్కన కూర్చోబెట్టుకుని, భాగం చూపిస్తూ పేరు అడిగి, ఫోనులోనే వారి గొంతు రికార్డు చెయ్యండి. తాడు లాగేటప్పుడు చేతులు ఎలా ఆడిస్తారో వీడియో తీసుకోండి. అందుకు ఒక మధ్యాహ్నం చాలు.

నేను ఆ పల్లె నుంచి బయలుదేరే ముందు తాత తన పడవ దగ్గరికి తీసుకెళ్లి, మూరెడు పీచు తాడు తెచ్చి, ఊడిన అతుకు దగ్గర రెండు కుట్లు వేసి చూపించాడు. కళ్లు సరిగా ఆనడం లేదు. చేతులు మాత్రం తడుముకోలేదు. పక్కన నిలబడ్డ ఆయన మనవడు, ఎనిమిదో తరగతి చదువుతున్న పిల్లవాడు, "నేనేత్తాను తాతా, ఇలాగివ్వు" అని తాడు అందుకున్నాడు. వాడు వేసిన కుట్టు వదులుగా వచ్చింది. తాత దాన్ని విప్పేసి, "మళ్లీ ఏయి" అన్నాడు.

మనం బతికించుకోగలిగింది ఆ 'మళ్లీ ఏయి' అనే మాటను. మీ ఇంట్లోనో, మీ వాడలోనో అలా అనగల పెద్దవారు ఇంకా ఉంటే, వారి దగ్గర తాడు పట్టుకునే చిన్నవాడొకడు ఉండేటట్టు చూడండి.